పళ్ళు తోముకుంటే రక్తమా? వేడి అనుకుని వదిలేయకండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను రెండు రోజులు వదల్లేదు. అల్లూరు అవతల, ఇసకపల్లి ఉప్పు మడుల వైపు నుంచి ఒక చెల్లెలు రాసింది. పేరు వెయ్యొద్దంది. వెయ్యను. ఉత్తరంలో కొంత భాగం మాత్రం మీ అందరి ముందూ పెడుతున్నాను, ఎందుకంటే ఇదే మాట వేరే వేరే చేతిరాతల్లో నాకు చాలాసార్లు వచ్చింది.

"అక్కయ్యగారూ, నాకు ముప్పై నాలుగేళ్ళు. ఏడాదిగా పళ్ళు తోముకున్నప్పుడల్లా రక్తం పడతా వుంది. మా అత్త ఒంట్లో వేడి ఎక్కువయింది, సబ్జా గింజలు నానేసుకుని తాగమ్మే అంటది. తాగినా. మజ్జిగా తాగినా. బ్రష్షు పెడితేనే గదా రక్తం వచ్చేది అని ఆర్నెల్లుగా బ్రష్షు మానేసి వేలితో పేస్టు రాసుకుంటా వుండా. ఇప్పుడు కింద ముందు పన్ను ఒకటి కొంచెం ఆడతా వుంది. నోరు వాసన. మా ఆయన ఏమీ అనడు గానీ మాట్లాడేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటాడు. మా అమ్మకి నలభై ఏళ్ళకే పళ్ళన్నీ పోయినాయి. నాకూ అంతేనా?"

ఉత్తరం అయిపోయాక, కాగితం వెనక వైపు, చిన్న అక్షరాలతో ఇంకో రెండు ముక్కలు: "రాత్రిళ్ళు మూడు సార్లు లేస్తా వుండా, దాహం కూడా ఎక్కువే. అది వేరే సంగతి లెండి."

వేరే సంగతి కాదమ్మా. దాని దగ్గరికి వస్తాను. ముందు ఈ వేడి సంగతి తేలుద్దాం.

మన ఇళ్ళల్లో కళ్ళు మండినా వేడే, నోట్లో పుండు లేచినా వేడే, చిగురు రక్తం కారినా వేడే. సబ్జా గింజలూ మజ్జిగా తాగితే నష్టమేమీ లేదు, ఎండాకాలం హాయిగా కూడా వుంటుంది. కానీ చిగుళ్ళలోంచి రక్తం రావడానికి నూటికి తొంభై పాళ్ళు కారణం ఒంట్లో వుండదు, పంటి మొదట్లో వుంటుంది. దాని పేరు మనందరికీ తెలుసు. పాచి.

చూడండి, మన భాషలో ఎంత చక్కటి మాటలున్నాయో. మెత్తగా, జిగటగా, వేలిగోటితో గీకితే తెల్లగా వచ్చేది పాచి. అది గట్టిపడి, పసుపుపచ్చగానో గోధుమరంగులోనో పంటికి అతుక్కుపోయి, ఎంత తోమినా రానిది గార. డాక్టర్లు ఇంగ్లీషులో ప్లాకు, టార్టారు అనేవి ఇవే. పాచి అంటే అన్నం మెతుకు కాదు. కోట్లకొద్దీ సూక్ష్మజీవులు ఒకదాని మీద ఒకటి కట్టుకున్న పొర. తెల్లారి ఎంత శుభ్రంగా తోముకున్నా గంటల్లోనే మళ్ళీ మొదలవుతుంది. రోజుల తరబడి కదిలించకుండా వదిలేస్తే మన ఉమ్మిలో వుండే సున్నపు ఖనిజాలు దాన్లోకి దిగి రాయిలాగా చేస్తాయి. అదే గార. మా ఊళ్ళో నీళ్ళు ఉప్పన, అందుకే గార అని సముద్రం దగ్గర పల్లెల వాళ్ళు అంటూ వుంటారు. ఆ ఖనిజం బోరునీళ్ళది కాదు, ఉమ్మిది. పాచి లేని చోట గార కట్టదు.

పన్నుకీ చిగురుకీ మధ్య చిన్న సందు వుంటుంది. జాకెట్టు మెడపట్టీకీ మెడకీ మధ్య వున్నట్టు. ఆరోగ్యంగా వుంటే దాని లోతు మూడు మిల్లీమీటర్లు దాటదు. పాచి ఆ సందు అంచున కూర్చుంటుంది. దాన్ని తరమడానికి ఒళ్ళు అక్కడికి ఎక్కువ రక్తాన్ని పంపిస్తుంది. చిగురు వాస్తుంది, నిగనిగలాడుతుంది, లోపలి పొర పల్చబడుతుంది. ఆ పల్చటి పొరకి బ్రష్షు తగిలితే రక్తం. జామకాయ కొరికితే కాయ మీద ఎర్రటి మరక. అంటే బ్రష్షు గాయం చెయ్యలేదు, అప్పటికే వాచివున్న చోటు ఇదీ అని చూపించింది. రక్తం వస్తోందని బ్రష్షు మానెయ్యడం అంటే పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని కళ్ళు మూసుకోవడమే.

ఇది ఎవరో ఊహించి చెప్పిన మాట కాదు. 1965లో డెన్మార్కులో హెరాల్డ్ లోయె అనే దంతవైద్యుడు చిగుళ్ళు బాగున్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించాడు. పది రోజుల నుంచి మూడు వారాల్లోపల ప్రతి ఒక్కరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టించాడు. వారం అటూ ఇటూ తగ్గిపోయాయి. మందు లేదు, మాత్ర లేదు. నాకు ఈ కథలో నచ్చేది ఆ రెండో సగం.

అదే డాక్టరు తన తోటివాళ్ళతో కలిసి 1970 నుంచి 15 ఏళ్ళ పాటు శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది కూలీలను చూశాడు. పళ్ళు తోముకునే అలవాటు లేని వాళ్ళు, దంతవైద్యం అందని వాళ్ళు. అందరికీ చిగుళ్ళు వాచే వున్నాయి. కానీ నూటికి ఎనిమిది మందికి పళ్ళు త్వరత్వరగా వదులై వూడిపోయాయి, ఎనభై ఒక్క మందికి మెల్లమెల్లగా దెబ్బతిన్నాయి, పదకొండు మందికి మాత్రం చిగుళ్ళ వాపు దగ్గరే ఆగిపోయింది. "మా అవ్వ జన్మలో బ్రష్షు పట్టలేదు, డెబ్బై ఏళ్ళకి చెరుకు నమిలింది" అని నాతో వాదించే వదినలకి నేను చెప్పే జవాబు ఇదే. మీ అవ్వ ఆ పదకొండు మందిలో మనిషి వదినా. మనం ఎందులో వున్నామో ముందుగా ఎవరు చెప్పగలరు?

వాపు దగ్గర ఆగితే సరే, లోపలికి దిగితేనే బాధ

చిగుళ్ళ వాపు మాత్రమే అయితే పూర్తిగా తగ్గుతుంది. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ కొందరికి ఆ సందు లోతవుతుంది, నాలుగు, అయిదు, ఆరు మిల్లీమీటర్లు. పాచి లోపలికి దిగుతుంది. అక్కడికి ఏ బ్రష్షూ పోదు. పన్నుని పట్టుకున్న దవడ ఎముక కొంచెం కొంచెంగా కరుగుతుంది. పెద్దవాళ్ళు పయోరియా అనేవారే, అదే. నొప్పి వుండదు, దాని టక్కరితనమంతా అక్కడే వుంది. పిప్పిపన్ను అయితే రాత్రంతా ఏడిపించి తెల్లారగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తిస్తుంది. ఇది నెమ్మదిగా, మర్యాదగా, చప్పుడు లేకుండా పనిచేసుకుపోతుంది. నోటి వాసన, పళ్ళు పొడుగయినట్టు కనపడటం, ముందు పళ్ళ మధ్య కొత్తగా సందులు రావడం, నొక్కితే చీము, చివరికి పన్ను ఆడటం. కరిగిన ఎముక తిరిగి వచ్చేది చాలా తక్కువ. ఆగేలా మాత్రం చెయ్యవచ్చు, ఏ దశలోనయినా.

చిగుళ్ళు అద్దంలో చూసుకునేటప్పుడు ఒక్క మాట. పుస్తకాల్లో గులాబీ రంగు అని రాస్తారు. మనలో చాలామందికి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగానో గోధుమరంగుగానో వుంటాయి, ఒంటి రంగులాగే. అది జబ్బు కాదు. రంగు కాదు చూడవలసింది, బిగువు. బాగున్న చిగురు పంటికి గట్టిగా అంటుకుని, చాలామందికి బత్తాయి తొక్క మీద వున్నట్టు సన్నటి చుక్కలతో వుంటుంది. వాచినది నున్నగా, ఉబ్బెత్తుగా, నీళ్ళు పోసిన బెలూనులా వుంటుంది.

ఇంకో సంగతి. "నాకే ఈ బాధ, మా ఆయన బీడీలు కాలుస్తాడు, వక్కాకు నములుతాడు, ఆయనకి చుక్క రక్తం రాదు" అని ఒకావిడ రాశారు. పొగాకు చిగుళ్ళలోని రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అందువల్ల రక్తం కనపడదు. లోపల ఎముక మాత్రం మనకంటే వేగంగా పోతూ వుంటుంది. రక్తం రాని ఆయన్నే ముందు తీసుకువెళ్ళండి.

మనం చేసుకునే గాయాలు

నెల్లూరు వాళ్ళం, చేపల పులుసు లేనిదే మనకి ఆదివారం లేదు. చేప తిన్నాక పళ్ళ సందుల్లో ఏదో ఒకటి ఇరుక్కుంటుంది. అప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుంది? తాళిబొట్టు గొలుసుకి వేలాడే పిన్నీసు దగ్గరికి. అది దొరక్కపోతే చీపురుపుల్ల. నేనూ చేసినదాన్నే, అందుకే నవ్వడం లేదు. ఆ పిన్నీసు రోజంతా చెమటలో, మసాలా చేతుల్లో నానుతుంది. దాంతో పొడిస్తే చిగురు చినిగి, ముల్లు బదులు చీము వస్తుంది. గట్టిగా నీళ్ళు పుక్కిలించండి, రాకపోతే దంతాల దారం, అదే ఫ్లాసు, రెండు పళ్ళ మధ్య మెల్లగా దించి పక్కకి లాగండి. సందులు పెద్దవయితే మందుల షాపులో సన్నటి సందు బ్రష్షులు అమ్ముతారు, పుల్లలా వుంటాయి, కడుక్కుని కొన్ని రోజులు వాడుకోవచ్చు.

కల్లుప్పు, బొగ్గుపొడి, ఇటుకపొడి. వీటి గురించి మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. గిన్నెల అడుగు తోమేవి గిన్నెలకే. ఉప్పు మడుల పక్కన పుట్టిన వాళ్ళకి ఉప్పు మీద అభిమానం వుండటం న్యాయమే. అయితే గ్లాసుడు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి, వాచిన చిగురుకి సుఖంగా వుంటుంది. రాయిని వేలితో రుద్దితే చిగురు అరిగి కిందికి జారుతుంది, మళ్ళీ పైకి రాదు.

ఈ ఇటుకపొడి సంగతి వచ్చింది కాబట్టి మా వీధిలో ఒక కోడలి మాట చెప్పాలి. ఆ అమ్మాయిది ఉదయగిరి వైపు మెట్ట. పెళ్ళయి సముద్రం పక్క ఊరికి వచ్చింది. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. అత్తవారింట్లో ఎవరో "పళ్ళు తోముకోదా ఏందీ పిల్ల" అన్నారట. అంతే, తెల్లారుజామున అందరూ లేవకముందే పెరట్లో కూర్చుని ఇటుకపొడితో తోమడం మొదలుపెట్టింది. చారలు పోలేదు, చిగుళ్ళు మాత్రం పుండ్లయ్యాయి. నాలుగు నెలలు అన్నం మింగలేక చిక్కిపోయాక గాని ఎవరికీ తెలియలేదు.

ఆ చారలు పాచీ కాదు, గారా కాదు. చిన్నప్పుడు, లోపల పళ్ళు తయారవుతున్న వయసులో, ఫ్లోరైడు ఎక్కువగా వున్న నీళ్ళు తాగితే పంటిలోనే పడే మచ్చ. ఎంత తోమినా పోదు. మన దేశంలో ఈ ఫ్లోరైడు జబ్బును మొదట గుర్తించి రాసింది కూడా మన నెల్లూరు జిల్లాలోనే. 1937లో షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ అప్పటి మద్రాసు రాజధానిలోని మన పల్లెల్లో చూసి రాశారు. పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ అప్పుడు నెల్లూరు జిల్లాలోవే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. అంటే ఎనభై ఏళ్ళ పైబడిన సంగతికి ఇప్పటికీ ఒక ఆడపిల్ల పెరట్లో ఇటుకపొడి పెట్టుకుని తలవంచుకుంటోంది. మీ ఇంటికి మెట్ట నుంచి కోడలు వస్తే, ఆ చారల గురించి ఒక్క మాట అనేముందు ఈ పేరా ఆవిడకీ చూపించండి, అనబోయే వాళ్ళకీ చూపించండి. ఆ మచ్చలు కనపడకుండా చేసే పద్ధతులు దంతవైద్యుల దగ్గర వున్నాయి. ఆ అమ్మాయి చిగుళ్ళు ఇటుకపొడి మానేసి, మెత్తటి బ్రష్షు వాడాక మానిపోయాయి.

పటిక నీళ్ళు పుక్కిలిస్తే రక్తం ఆగుతుంది కదా అంటారా? ఆగుతుంది, పటిక చర్మాన్ని బిగించే గుణమున్నది. పాచి మాత్రం అక్కడే కూర్చుని వుంటుంది. నువ్వుల నూనె పుక్కిలించడం వల్ల హాని లేదు, కానీ గార రాలదు. వేపపుల్ల మంచిదే, చివర బాగా నమిలి కుంచెలా చేసుకుని వాడితే. లోపలి దవడ పళ్ళ వెనక వైపుకి మాత్రం అది చేరదు.

బ్రష్షు ఎలా పట్టాలి

చాలామంది రైల్వే స్టేషన్లో నేల తుడిచినట్టు అడ్డంగా ఇటూ అటూ రాస్తారు. పన్ను తళతళలాడుతుంది, పాచి వున్న అంచు మాత్రం అలాగే వుంటుంది. మెత్తటి కుచ్చు వున్న బ్రష్షు తీసుకోండి. దాన్ని పన్నూ చిగురూ కలిసే గీత మీద ఏటవాలుగా, అంటే సగం పంటి మీదా సగం చిగురు మీదా పడేట్టు పెట్టండి. అక్కడే చిన్న చిన్నగా, బియ్యపుగింజంత దూరం, వణికించినట్టు కదపండి. పదిసార్లు కదిపి, చిగురు నుంచి పంటి కొసవైపు తుడిచెయ్యండి. తర్వాత పక్క రెండు పళ్ళు. పైకీ కిందకీ, బయటికీ లోపలికీ. మొత్తం రెండు నిమిషాలు. బ్రష్షుని పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే బలం దానంతటదే తగ్గుతుంది. కింద ముందు పళ్ళ లోపలివైపు మర్చిపోకండి, అక్కడ నాలుక కింది నుంచి ఉమ్మి ఊరుతుంది కాబట్టి గార ముందు కట్టేది అక్కడే. మూడు నెలలకోసారి బ్రష్షు మార్చండి, కుచ్చు వంగిపోతే ఇంకా ముందే. పాతది గ్యాసుపొయ్యి తోమడానికి పనికొస్తుంది, నాకు తెలుసు మీరు పారెయ్యరని.

మనవాళ్ళకి పాచిమొహంతో కాఫీ తాగడం తప్పు. పొద్దున్నే తోమకుండా ఎవరూ ఏదీ ముట్టరు. ఇంత పట్టింపు రాత్రి పూట ఎందుకు వుండదో నాకు అర్థం కాదు. నిద్రలో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, పాచికి అదే పండగ. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, పాలు తోడుపెట్టి, తలుపు గడియ వేసి మంచం ఎక్కేసరికి మనకి ఓపిక వుండదు, నిజమే. అందుకని నా చిట్కా, గిన్నెలు కడగడం అవ్వగానే ఆ కుళాయి దగ్గరే తోముకోవడం. బ్రష్షు వంటింట్లో పెట్టుకున్నానని మా ఇంట్లో నవ్వారు, నవ్వనీయండి.

ఇలా చేస్తే మొదటి మూడు నాలుగు రోజులు రక్తం ఇంకాస్త ఎక్కువగా కూడా రావచ్చు. భయపడకండి, ఆపకండి. వారం, పది రోజులకి తగ్గుతుంది. రెండు వారాలయినా తగ్గలేదంటే గార వుందన్నమాట, దాన్ని మీరు తియ్యలేరు. దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళి క్లీనింగు చేయించుకోవాలి.

"క్లీనింగు చేయిస్తే పళ్ళు కదులుతాయి" అని ఎవరు పుట్టించారో గాని, ఈ ఒక్క మాట మన జిల్లాలో ఎన్ని పళ్ళు పీకించిందో లెక్కలేదు. నిజంగా జరిగేది ఇది. ఏళ్ళుగా పేరుకున్న గార పళ్ళ మధ్య సిమెంటులాగా నిండి వుంటుంది. అది తీసేశాక అంతవరకూ దాని కింద దాగి వున్న సందు కనపడుతుంది, నాలుకకి తగులుతుంది. పన్ను అప్పటికే వదులు, గార ఆసరా పోయిందంతే. వాపు తగ్గాక చాలా పళ్ళు మునుపటికన్నా బిగుస్తాయి. కొన్నాళ్ళు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటాయి, తగ్గిపోతుంది. ఖర్చు గురించి భయపడేవాళ్ళు ప్రభుత్వాసుపత్రి దంత విభాగంలో చూపించుకోవచ్చు. నెల్లూరులో నారాయణ దంతవైద్య కళాశాల వుంది. ఇలాంటి కళాశాలల ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, మామూలుగా బయటికన్నా తక్కువలో అవుతుంది, కూర్చునే ఓపిక మాత్రం కావాలి. డాక్టరు క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్ళు రాసిస్తే చెప్పినన్ని రోజులే పుక్కిలించండి. బాగుంది కదా అని నెలల తరబడి వాడితే పళ్ళ మీద గోధుమరంగు పడుతుంది.

కడుపుతో వున్నవాళ్ళకీ, మాత్రలు మింగేవాళ్ళకీ

నా రెండో కాన్పప్పుడు అయిదో నెలలో దిండు మీద రక్తపు మరక చూసి హడలిపోయాను. కడుపుతో వున్నప్పుడు ఒంట్లో హార్మోన్లు పెరిగి, కొంచెం పాచికే చిగుళ్ళు ఎక్కువగా వాస్తాయి. కొందరికి రెండు పళ్ళ మధ్య చిన్న ఎర్రటి కాయలాగా లేస్తుంది కూడా, కాన్పయ్యాక చాలామందికి అదే తగ్గుతుంది. బిడ్డ తల్లి పళ్ళలోని సున్నం లాగేసుకుంటుంది అంటారు, అది నిజం కాదు. పళ్ళ క్లీనింగుకి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా అనువైన కాలం. కడుపుతో వున్న సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, అంతే. ఇక బాలింతలు పళ్ళు తోముకుంటే పళ్ళు వదులవుతాయని వేలితో ఏదో రాసి పుక్కిలించమనే ఇళ్ళు ఇంకా వున్నాయి. అత్తగార్లకు నా విన్నపం, చల్లనీళ్ళు వద్దంటే గోరువెచ్చటి నీళ్ళు ఇవ్వండి, బ్రష్షు మాత్రం లాక్కోకండి.

గుండెకి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళకి రక్తం ఎక్కువసేపు కారుతుంది. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, ఇవి కొంతమందికి చిగుళ్ళను పళ్ళ మీదికి పెరిగేలా చేస్తాయి. మా అత్తగారికి అలాగే అయింది. ఏడాది పాటు పేస్టులు మార్చాము, చివరికి డాక్టరు బీపీ మాత్ర మార్చి, పళ్ళు శుభ్రం చేయించాక తగ్గింది. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, రాసిన డాక్టరుకి చిగుళ్ళు చూపించండి.

నిమ్మకాయ సంగతి అడగకుండా వుండరు. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల మధ్య వున్నవాళ్ళం. సి విటమిను బొత్తిగా లేకపోతే చిగుళ్ళు మెత్తబడి రక్తం కారడం నిజమే. పూర్వం నెలల తరబడి ఓడల్లో వున్న నావికులకి అలా అయ్యేది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు 12 మంది రోగుల్ని జతలుగా విడదీసి తలా ఒక వైద్యం చేస్తే, నారింజ, నిమ్మపళ్ళు తిన్న ఇద్దరూ ముందు లేచారు. కానీ ఆకుకూరా కాయా పండూ తినే ఇంట్లో అది అరుదు. నిమ్మకాయ తినండి, తొక్కతో చిగుళ్ళు రుద్దకండి, ఆ పులుపు పంటి పైపొరని తినేస్తుంది. నిమ్మరసం పులిహోరలో పొయ్యి దించాకే పిండండి, వేడికి ఆ విటమిను పోతుంది. నిజానికి జామకాయలో నిమ్మరసం కన్నా దాదాపు నాలుగింతలు వుంటుంది. దోరజామకాయ గింజలు తీసి తురిమి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు దంచి కలిపి, పైన కమ్మటి పెరుగు వేసి తిరగమోత పెట్టండి. వాచిన చిగుళ్ళతో కొరకలేనివాళ్ళకి ఈ పచ్చడి సుఖం.

ఇప్పుడు ఆగకూడని సందర్భాలు. జ్వరం వచ్చి, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం వస్తే పళ్ళ గురించి ఆలోచించకండి. డెంగీ కావచ్చు. మన దగ్గర తుఫాను వానలయ్యాక దోమలు ముసిరే నెలల్లో మరీ జాగ్రత్త, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఒళ్ళంతా నీలి మచ్చలు, నీరసం, పాలిపోవడం వుంటే రక్తపరీక్ష చేయించాలి. పొలంలో ఏదో కుట్టిందో కరిచిందో తెలియక, కొంతసేపటికి చిగుళ్ళలోంచి రక్తం కారితే అది రక్తపింజరి విషం కావచ్చు. కట్లు కట్టి, మంత్రాలకి తిప్పి ఆలస్యం చెయ్యకుండా, విషానికి విరుగుడు సూది వుండే ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోవాలి. నాట్లకీ కోతలకీ వెళ్ళే వాళ్ళకి ఈ ఒక్క సంగతి తెలిసివుండాలని రాస్తున్నాను.

ఇక, ఉత్తరం రాసిన చెల్లెలా. నువ్వు కాగితం వెనక రాసిన ఆ రెండు ముక్కలే నాకు ముఖ్యంగా కనపడ్డాయి. దాహం, రాత్రిళ్ళు లేవడం, ముప్పై నాలుగేళ్ళకే పన్ను ఆడటం, ఈ మూడూ ఒకచోట చేరితే షుగరు చూపించుకోవాలి. షుగరు ఎక్కువగా వుంటే చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగరు అదుపులోకి రాదు. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. పరగడుపున రక్తపరీక్ష చేయించుకో, 126 గాని అంతకు మించి గాని వస్తే డాక్టరు మళ్ళీ చూసి నిర్ధారిస్తాడు. మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష కూడా వుంది, అడుగు. మీ అమ్మకి నలభైకే పళ్ళు పోయాయన్నావు, ఆవిడకి షుగరు వుండేదేమో ఎవరినైనా అడిగి చూడు. అంతమాత్రాన నీకూ అంతే అని కాదు. ఆవిడకి ఈ సంగతి చెప్పినవాళ్ళు లేరు, క్లీనింగు చేసినవాళ్ళు లేరు.

ఈ రాత్రే మెత్తటి బ్రష్షు పట్టుకో. ఆడే పన్నుని నాలుకతోనూ వేలితోనూ కదిపి చూస్తూ వుండకు, దాని చుట్టూ కూడా మెల్లగా తోము. దంతాల డాక్టరు ఎక్సురే తీసి ఎముక ఎంత మిగిలిందో చూస్తాడు. పీకేద్దాం అంటే, నిలబెట్టే మార్గం వుందా అని ఒక్కసారి అడుగు. ఒక్క పన్ను ఇంకా కొంచెమే ఆడుతోందంటే చాలాసార్లు వుంటుంది. మీ ఆయన్ని వెంట తీసుకువెళ్ళు. మొహం తిప్పుకునే మనిషికి ఎదురుగా కూర్చోబెట్టి డాక్టరు చెబితే, ఇది నీ అశుభ్రం కాదు, జబ్బు అని తెలుస్తుంది. వస్తూ ఆయన చిగుళ్ళు కూడా చూపించి రా. షుగరు ఎంత వచ్చిందో నాకొక కార్డు ముక్క రాయి, పేరు లేకపోయినా చేతిరాత గుర్తుపడతాను.